ఎస్కేప్‌మెంట్‌ని తెలుగులో ఏమందాం?

గోడ గడియారం లోపల ఏముంటుందో పిల్లలకోసం రాస్తున్నాను. స్ప్రింగు, పళ్లచక్రం, లోలకం అన్నీ కుదిరాయి. ఎస్కేప్‌మెంట్ దగ్గర ఆగిపోయాను. 'పలాయన యంత్రాంగం' అని రాసి, నాకే నవ్వొచ్చి కొట్టేశాను. ఎవరు పారిపోతున్నారని? మంచి మాట చెప్పండి.

— పేరు పక్కనపెట్టి అది చేసే పని చూడండి. కీ ఇచ్చిన స్ప్రింగుని ఊరికే వదిలేస్తే చక్రాలన్నీ గిర్రున తిరిగేసి ఆగిపోతాయి. అలా జరక్కుండా, లోలకం ఊగినప్పుడల్లా లంగరులాంటి ముక్క ఒక కొనతో పన్నును వదిలి, రెండో కొనతో ఇంకో పన్నును పట్టుకుంటుంది. మనకు వినిపించే టిక్కు ఆ పట్టుకున్న చప్పుడే. వదిలిన పన్ను పోతూపోతూ లోలకాన్ని కాస్త నెట్టి పోతుంది, లేకపోతే ఊపు చచ్చిపోతుంది. మీటరుకి పిసరంత తక్కువ లోలకమైతే ఇటునుంచి అటుకి ఒక సెకను, 30 పళ్ల చక్రం నిమిషానికి ఒక చుట్టు. పట్టడం, విడవడం. దీనికి మాట వెతకాలాండీ? పట్టువిడుపు!

— అది పంచాయితీలో పెద్దమనుషులు చెప్పే మాట కదా, 'కాస్త పట్టువిడుపులుండాలయ్యా' అని. నా ఓటు 'గడియ'కి. తలుపు గడియలాగే అడ్డం పడుతుంది, తొలగుతుంది. పైగా గడియారంలోనే గడియ ఉంది.

— ఆ గడియ తలుపుది కాదు సార్. సంస్కృత ఘటిక, అంటే 24 నిమిషాలు. అడుగున చిల్లున్న గిన్నెను నీళ్లమీద పెడితే మునగడానికి పట్టే సమయం. అందులో పళ్లూ లేవు, లంగరూ లేదు, చిల్లే మొత్తం చూసుకుంటుంది. రెండు గడియలనూ కలిపితే రేపెవరో ఇదే వ్యుత్పత్తి అని వాట్సాప్‌లో తిప్పుతారు.

— ఆయిలింజన్‌లో వేగాన్ని అదుపుచేసే గవర్నర్ ఉంటుంది. దానికీ పట్టువిడుపు అనొచ్చా అన్నా?

— వద్దు తమ్ముడూ, అది ఆపి వదిలేది కాదు. 1788లో జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి పెట్టినదే చూడు: వేగం పెరిగితే దాంతోపాటు తిరిగే గుండ్లు విచ్చుకుని ఆవిరిదారిని మూస్తాయి, తగ్గితే తెరుస్తాయి. 'పగ్గం' సరిపోతుంది. గవర్నర్ మాటకు గ్రీకు మూలం చుక్కాని పట్టేవాడు, మన కర్ణధారుడే. కానీ మెకానిక్ దగ్గరికెళ్లి పగ్గం బిగించమంటే ఎద్దు ఎక్కడ అంటాడు. గవర్నర్ అనే ఉంచుదాం.

— 'పట్టువిడుపు చక్రం' అని రాసి, ఏడో తరగతి చదివే మా అమ్మాయికి వినిపించాను. "అంటే ఒక్కో పన్నునే వదులుతుందా నాన్నా?" అంది. ఖాయం చేసేశాను. ముక్క పేరు మాత్రం లంగరే.