పాత 1613: వేడెక్కాక స్లోలో ఆయిల్ ప్రెషర్ పడిపోతోంది, ఇంజిన్ దించాల్సిందేనా?

కావలి_లారీ:
అన్నలందరికీ నమస్తే. నాది టాటా 1613, 2007 మోడల్, కమిన్స్ ఆరు సిలిండర్ల ఇంజిన్. సొంత బండి, తోలేది కూడా నేనే. చీమకుర్తిలో గ్రానైట్ స్లాబులు ఎత్తుకుని నెల్లూరు వైపు వస్తుంటా, రిటన్ కిరాయి ఏది దొరికితే అది.

సమస్య ఏందంటే, పొద్దున స్టార్ట్ చేయగానే ఆయిల్ ప్రెషర్ గేజ్ ముల్లు మూడు కేజీల (చదరపు సెంటీమీటరుకి) పైకి లేస్తుంది. హైవే ఎక్కి పరిగెత్తేటప్పుడు రెండున్నర చూపిస్తుంది, అంతవరకు గొడవ లేదు. టంగుటూరు టోల్‌గేటు దగ్గర క్యూలో ఆగి ఇంజిన్ స్లోలో, అంటే ఆక్సిలేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతుంటే మాత్రం ముల్లు సున్నా పక్కకొచ్చి వణుకుతా ఉంటుంది, ఎర్ర లైటు మిణుకు మిణుకుమంటుంది. ఆక్సిలేటర్ మీద కొంచెం కాలు పెడితే ఆరిపోతుంది. ముసునూరు దాకా వచ్చేసరికి ఇంకా ఘోరం. అసలే రోహిణి కార్తె, ఎండ సంగతి మీకు తెలిసిందే.

షెడ్డులో చూపిస్తే బానెట్ ఎత్తి ఒక్క నిమిషం విని, క్రాంక్ అరిగిపోయింది, ఇంజిన్ దించాల్సిందే, లక్ష దాటుతుంది అన్నారు. నాకైతే లోపల కొట్టుడు శబ్దం ఏమీ వినిపించడం లేదు. పికప్ బాగుంది, పొద్దున పూట కాస్త తెల్ల పొగ వస్తుంది, కాసేపటికి పోతుంది. 15డబ్ల్యూ-40 ఆయిలే వాడతా, ఫిల్టర్ ఆయిల్‌తో పాటే మార్చా. ఒక్కటి మాత్రం సంతోషం, ఇంత పాత ఇంజిన్ అయినా ఆయిల్ చుక్క తాగదు, ఈమధ్య పోసిందే లేదు, డిప్ స్టిక్ మీద పై గీత దాటే ఉంటుంది.

నిజంగా దించాల్సిందేనా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

ఒంగోలు_బైపాస్:
తమ్ముడూ, పాత బండికి 15-40 ఏంది, 20డబ్ల్యూ-50 పోసి పైన చిక్కటి ఆయిల్ ట్రీట్‌మెంట్ డబ్బా ఒకటి కలుపు. ముల్లు లేస్తుంది, లైటు ఆరిపోతుంది, ఇంకో సంవత్సరం తోలుకో. మన వైపు సగం పాత బండ్లు ఇట్లాగే తిరుగుతున్నాయి.

షెడ్డు_బాబాయ్:
ముల్లు లేస్తుంది, నిజమే. అమ్మేసేవాడికి పనికొచ్చే వైద్యం అది, తోలుకునేవాడికి కాదు. రోగం ఏందో తెలియకుండా ఆయిల్ చిక్కన చేస్తే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టర్బోకి, రాకర్లకి ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది, అసలు సంగతి కింద దాక్కునే ఉంటుంది.

కావలి తమ్ముడూ, ముందు ఒకటి అర్థం చేసుకో. ఆయిల్ పంపు ప్రెషర్‌ని పుట్టించదు, ఆయిల్‌ని తోస్తుంది అంతే. ఆ ఆయిల్ క్రాంక్‌ని మోసే బేరింగుల సందుల్లోంచి బయటికి పోకుండా ఎంత అడ్డం ఉంటే అంత ప్రెషర్. డ్రిప్పు పైపుకి ఎక్కువ బెజ్జాలు పెట్టి మోటారు నిదానంగా తిప్పితే చివరి మొక్కకి నీళ్లు చేరవు చూడు, అదే కథ. స్లోలో పంపు నిదానంగా తిరుగుతుంది, వేడికి ఆయిల్ పల్చబడుతుంది, సందులు మాత్రం మారవు. అందుకని ఏ ఇంజిన్ అయినా వేడి మీద స్లోలో తక్కువే చూపిస్తుంది. నీ ఇంజిన్‌కి కంపెనీ చెప్పే కనీసం లెక్క స్లోలో 10 పీఎస్ఐ, అంటే 0.7 కేజీ. ఫుల్ స్పీడులో 30 పీఎస్ఐ, రెండు కేజీల పైచిలుకు. హైవే మీద నీకు రెండున్నర వస్తోంది కాబట్టి పంపు, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ మీద నాకు అంత అనుమానం లేదు. వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే స్పీడులో కూడా ప్రెషర్ రాదు.

అయితే ఆ రెండున్నర నిజమా కాదా అనేది ముందు తేలాలి. డ్యాష్‌బోర్డు ముల్లుని నమ్మి ఇంజిన్ దించిన వాళ్లని చాలామందిని చూశా. సెన్సార్ పాడైనా, దాని వైరు నలిగినా, ఇంజిన్‌కి ఛాసిస్‌కి మధ్య ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా ముల్లు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంది. పోయినసారి ఆ సెన్సార్ మార్చి ఉంటే అది నీ గేజ్‌కి సరిపోయే రకమేనా చూడు, బయట దొరికే నకిలీలు ఒక్కోటి ఒక్కో లెక్క చూపిస్తాయి. సెన్సార్ విప్పి ఆ బెజ్జంలోనే పైపుతో వచ్చే మెకానికల్ గేజ్ బిగించు. మర కుదరకపోతే లేత్ షాపులో అడాప్టర్ చేసిస్తారు. బండిని లోడుతో బాగా వేడెక్కించి, స్లో ఎంత ఉందో ఆర్‌పీఎం చూసుకుని అప్పుడు రీడింగ్ రాసుకో. స్లో మరీ 500కి పడిపోయి ఉంటే ముందు దాన్ని సరిచెయ్యి, సగం జబ్బు అక్కడే పోవచ్చు.

పంపు_పని:
అందరూ గేజ్ దగ్గరే ఆగిపోయారు గానీ కావలి అన్న చివర్లో రాసిన మాట ఎవరూ పట్టించుకోలేదు. పద్దెనిమిదేళ్ల ఇంజిన్ ఆయిల్ తాగకపోగా పై గీత దాటి ఉండటం సంతోషించే విషయం కాదన్నా. ఏదో వచ్చి కలుస్తోంది. రేడియేటర్ నీళ్లు తగ్గకుండా, ఆయిల్ పాలలాగా తెల్లబడకుండా ఉంటే అది డీజిలే.

డీజిల్ కలిస్తే 15-40 ఆయిల్ కాస్తా పల్చబడి, నువ్వు చెప్పినట్టే చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ముల్లు కింద పడుతుంది. నాజిళ్లకి డీజిల్ కొట్టే ఎఫ్ఐ పంపు ఇన్‌లైన్ రకం అయితే ముందు ట్యాంకు నుంచి దానికి డీజిల్ తెచ్చే ఫీడ్ పంపు చూడు, ఎఫ్ఐ పంపు పక్కన బిగించి ఉంటుంది కదా, అదే. దాని లోపల తోసే స్పిండిల్ అరిగితే డీజిల్ పంపు క్యామ్ గదిలోకి జారి, అక్కడ తిరిగే ఇంజిన్ ఆయిల్‌తో కలిసి నేరుగా ఛాంబర్‌లోకి, అంటే ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిలోకి దిగుతుంది. సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారినా ఇదే పని, పొద్దున తెల్ల పొగ అంటున్నావు కాబట్టి నాజిళ్లు కూడా విప్పి టెస్ట్ చేయించు.

డిప్ స్టిక్ తీసి వాసన చూడు. తర్వాత ఒక చుక్క న్యూస్ పేపర్ మీద వేసి ఓ గంట వదిలెయ్యి. మధ్యలో నల్ల మచ్చ ఉండి, చుట్టూ పల్చగా నూనె వలయం దూరం దాకా పాకితే సందేహం పెట్టుకోవద్దు. ఇంకో ముఖ్యమైన మాట, లెవెల్ బాగా పెరిగిపోతే ఆ ఆయిలే బ్రీదర్ (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే గొట్టం) గుండా గాలి పీల్చే ఇన్‌టేక్‌లోకి పోయి ఇంజిన్ తనంతట తానే రేస్ ఎత్తుకుంటుంది, డీజిల్ ఆపినా ఆగదు. ఇది తేలేదాకా లోడు ఎత్తొద్దు.

కావలి_లారీ:
అన్నలూ, చేసి చూశా. మెకానికల్ గేజ్‌లో వేడి మీద స్లోలో అర కేజీ కూడా రాలేదు, స్పీడులో రెండు పైన ఉంది. అంటే డ్యాష్‌బోర్డు ముల్లు అబద్ధం చెప్పడం లేదు. స్లో 650 దగ్గర సరిగ్గానే ఉంది. డిప్ స్టిక్ ముక్కు దగ్గర పెడితే డీజిల్ ఘాటు గుప్పుమంది, పేపర్ మీద వలయం అరచెయ్యంత పాకింది. ఛాంబర్ బోల్టు విప్పితే ఆయిల్ నీళ్లలాగా బుడబుడా దిగిపోయింది, వేళ్ల మధ్య రుద్దితే జిగట అన్నదే లేదు. నాజిళ్లు టెస్ట్ చేయిస్తే బాగానే ఉన్నాయి, ఫీడ్ పంపు మాత్రం పోయింది. అది మార్చి, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేశా. ఇప్పుడు అదే గేజ్‌లో వేడి మీద స్లోలో 0.8 వస్తోంది. ఇంక తోలుకోవచ్చా?

ఒంగోలు_బైపాస్:
చూశావా, ఇంజిన్ దించకుండానే లక్ష మిగిలింది. ఇప్పుడన్నా 20-50 పోస్తే ఒకటి దాటుతుంది!

షెడ్డు_బాబాయ్:
నువ్వు ఆ డబ్బా వదలవు కదా స్వామీ.

కావలి తమ్ముడూ, 0.8 అంటే పాస్ మార్కులు, అంతే. కొత్త ఆయిల్‌తోనే ఇంత వస్తోందంటే మిగిలింది బేరింగుల సందే అనుకోవాలి. నీళ్లలాంటి ఆయిల్‌తో ఎంతకాలం తిరిగిందో నీకూ తెలియదు, ఆ టైములో బేరింగులు ఎంతో కొంత అరిగే ఉంటాయి. తీసిన పాత ఫిల్టర్ పారేశావా? పారేయకపోతే డబ్బా కోసి లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడు. వెండి తళుకు కొంచెం ఉంటే పాత ఇంజిన్‌లో మామూలే. రాగి రంగు పొడి కనిపిస్తే బేరింగ్ పై పూత పోయి లోపలి పొర బయటపడిందని అర్థం. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు ఉంటే మాత్రం బండి కదిలించొద్దు.

కావలి_లారీ:
ఫిల్టర్ ఉంది బాబాయ్, క్యాబిన్ వెనక పడేశా. కోసి చూశా. తళుకు ఉంది, రెండు మూడు మడతల్లో సన్నగా రాగి రంగు కూడా ఉంది. అయస్కాంతానికి ఏమీ అంటలేదు.

షెడ్డు_బాబాయ్:
అయితే కిరాయి లేని రోజు చూసుకుని ఛాంబర్ దించు. ఇంజిన్ కాదు, ఛాంబర్ మాత్రమే. దించాక ముందు ఆయిల్ పీల్చే సక్షన్ పైపు గ్యాస్కెట్, జాలి చూడు, పాత రిపేర్లలో పూసిన సిలికాన్ పేస్టు ముక్కలు జాలిలో ఇరుక్కుని ఉంటాయి. తర్వాత బేరింగులని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ క్యాప్‌లు, మెయిన్ క్యాప్‌లు ఒక్కోటే విప్పి, చూసి, బిగించి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి విప్పనివ్వొద్దు, క్యాప్‌లు తారుమారైతే ఆ జర్నల్ (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగం) పని అయిపోయినట్టే. ప్లాస్టిగేజ్ అని సన్న తీగ దొరుకుతుంది, క్యాప్‌లో పెట్టి టార్క్‌కి బిగించి విప్పితే నలిగిన వెడల్పుని బట్టి సందు ఎంతో తెలుస్తుంది. క్రాంక్ మీద గోరు గీస్తే గీత తగలకుండా నున్నగా ఉంటే బేరింగులు మార్చి క్యాప్‌లు బిగించెయ్యి, ఇంజిన్ ఛాసిస్ మీదే ఉంటుంది. గోరుకి గీత తగిలిందా, అప్పుడు క్రాంక్ తీసి నున్నగా అరగదీయించే గ్రైండింగ్‌కి పోవాల్సిందే, ఆ షెడ్డు వాళ్లు చెప్పిన లక్ష అప్పుడు ఖర్చవుతుంది.

పంపు_పని:
బేరింగులు ముందే కొని పెట్టుకోవద్దన్నా. విప్పిన బేరింగ్ వీపు మీద స్టాండర్డా, 0.25 మిల్లీమీటర్ల అండర్ సైజా (గ్రైండింగ్‌తో సన్నబడిన క్రాంక్‌కి వేసేది) అన్నది గుద్ది ఉంటుంది, అది చూసి ఆ సైజే తెచ్చుకో. ఇంతకుముందు ఎవరైనా ఒకసారి గ్రైండింగ్ చేయించి ఉంటే స్టాండర్డ్ సెట్ తెచ్చి లాభం లేదు. ఫీడ్ పంపు మార్చాక కూడా వారం పాటు రోజూ పొద్దున డిప్ స్టిక్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుని చూడు, మళ్లీ పెరిగితే ఎఫ్ఐ పంపు లోపలే ఎక్కడో కారుతోందని అర్థం, అప్పుడు పంపు విప్పి బెంచ్ మీద పెట్టించాలి.

కావలి_లారీ:
సరే అన్నా. ఆదివారం ఛాంబర్ దించుతున్నాం. సైజు చూసి ఇక్కడే రాస్తా.