పేస్‌మేకర్ ఉన్న అమ్మకు కరెంటు షాక్ ఇస్తామంటున్నారు, చెకింగ్ ఎప్పుడు చేయించాలి?

మాది దేవరకొండ దగ్గర. అమ్మకు 68 ఏళ్లు. గుండె వేగం మరీ తగ్గిపోతోందని 2019లో రెండు వైర్ల పేస్‌మేకర్ వేశారు. ఎడమ కాలర్ బోన్ కింద అగ్గిపెట్టెంత ఉబ్బు కనిపిస్తుంది. ఆయాసం వస్తే చాలు, అమ్మ చేయి దాని మీదికే పోతుంది.

6 వారాలుగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకోవడం. నాడి 120 కంటే దిగడం లేదు. లయ సరిచేసే మందు అమియోడరోన్ వాడినా కుదరలేదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే అపిక్సబాన్ 5 ఎంజీ రోజుకు రెండు పూటలా 4 వారాలుగా ఒక్కసారి కూడా తప్పలేదు. వచ్చే గురువారం హైదరాబాద్‌లో మత్తిచ్చి, లయ సరిచేయడానికి గుండెకు షాక్ ఇస్తారు.

ప్యాడ్లు పేస్‌మేకర్‌కు కనీసం 8 సెంటీమీటర్ల దూరంలో, ఒకటి ఛాతీ మీద, ఒకటి వీపున పెడతామని డాక్టరు గారు చెప్పారు. ఆ విషయంలో ధైర్యంగానే ఉన్నాను. టెన్షనల్లా తర్వాతి సంగతే. షాక్ వల్ల పేస్‌మేకర్ సెట్టింగులు మారొచ్చట, వైరు పంపే కరెంటుకు గుండె స్పందించడం కొన్నాళ్లు తగ్గొచ్చట. లయ కుదిరాక అమ్మ గుండెను నడిపించాల్సింది ఆ పేస్‌మేకరే కదా!

దాన్ని చెక్ చేసే మిషన్ ఆ కంపెనీదే కావాలి. నల్గొండలో రెండు చోట్ల అడిగాను, లేదన్నారు. పేస్‌మేకర్ కార్డు మీది కంపెనీ నంబరుకు మూడు రోజులుగా చేస్తున్నా ఎత్తడం లేదు. ఆస్పత్రి వాళ్లేమో నెల తర్వాత చూపిస్తే చాలంటున్నారు.

పేస్‌మేకర్‌తో ఈ షాక్ చేయించుకున్నవాళ్లు, ఈ పని తెలిసినవాళ్లు చెప్పండి: షాక్ ఇచ్చిన రోజే, ఇంటికి పంపకముందే పేస్‌మేకర్ చెక్ చేయాలని పట్టుబట్టాలా?