గుడ్‌ఫెల్లాస్‌లో ఆ భోజనం సీన్‌కి మీకూ నవ్వొచ్చిందా?

కిటికీసీటు:

కథంతా బయటపెట్టేస్తున్నాను, చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. 1990 నాటి సినిమాకి ఈ హెచ్చరికేంటి అనకండి, నేను చూసింది నిన్ననే.

మావారికీ మా మరిదికీ ఈ సినిమా అంటే ప్రాణం. తెర మీద మనిషి నోరు తెరవకముందే డైలాగు వీళ్లు చెప్పేస్తుంటారు. నేను ఇన్నేళ్లూ ఏదో ఒక పని చెప్పి తప్పించుకున్నాను. కత్తులంటే భయపడే రకమేమీ కాదు. హీరో ఒక్కడే నలభైమందిని గాల్లోకి లేపుతుంటే పక్కవాళ్లతో కబుర్లు చెప్పుకుంటూ చూస్తాను. అక్కడ ఎవడికీ నిజంగా దెబ్బ తగలదని లోపల తెలుస్తూనే ఉంటుంది కదా.

ఇందులో అలా కుదర్లేదు. మొదలవగానే రాత్రిపూట ఒక కారు, లోపల ముగ్గురు. ఎక్కడినుంచో చప్పుడు. టైరేమో అనుకుంటారు. దిగి డిక్కీ తీస్తే, గుడ్డల్లో చుట్టిన మనిషి రక్తంలో ఇంకా కదులుతున్నాడు. టామీ (జో పెషీ) కత్తి తీసి పొడుస్తాడు, ఆ తర్వాత జిమ్మీ (రాబర్ట్ డి నీరో) కాలుస్తాడు. వెనక లైటు ఎరుపు వాళ్ల ముఖాల మీద పడుతుంటుంది. అది స్టైలుగా పట్టుకునే పొడవాటి కత్తి కాదు, వంటింట్లో ఉండేదే. నాకు అదే గుచ్చుకుంది.

దాదాపు గంట గడిచాక కథ తిరిగి అక్కడికే వస్తుంది. మనిషిని డిక్కీలో పెట్టుకుని, పార కోసం టామీ వాళ్లమ్మ ఇంటికి వెళ్తారు. అర్ధరాత్రి. ఆవిడ లేచి, ముగ్గురినీ కూర్చోబెట్టి వడ్డిస్తుంది. ఇంకా పెళ్లి చేసుకోవేంట్రా అని కొడుకుని దెప్పుతుంది. తను వేసిన బొమ్మ తెచ్చి చూపిస్తుంది: పడవలో గడ్డం మనిషి, రెండు కుక్కలు, ఒకటి అటు చూస్తుంటే ఇంకొకటి ఇటు. వీడేమో, అమ్మా ఈ కత్తి తీసుకెళ్తున్నా, దారిలో జింకని గుద్దేశాం, దాని కాలు బండికి ఇరుక్కుపోయింది, కోసెయ్యాలి అంటాడు. ‘గిట్ట’ అన్న మాట నోటికి రాక తడుముకుంటాడు కూడా. ఆవిడ సరే తీసుకెళ్లు, మళ్లీ తెచ్చియ్యి అంటుంది.

అన్నదమ్ములిద్దరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎప్పటికో వెలిగింది, మొదటి సీన్‌లో చూసిన కత్తి ఇదేనని. అప్పటినుంచి మనసు బాలేదు. ఆ నవ్వు డైరెక్టర్ స్కోర్సెసీ తెప్పించాడా, నాలోనే ఏదో తేడా ఉందా? మీకెలా అనిపించింది?

మూడోవరుస:

అక్కా, మరీ లోతుకి వెళ్లిపోయారు. అది నవ్వమని తీసిన సీనే. ఇంకో సంగతి తెలుసా, ఆ అమ్మ వేషం వేసింది క్యాథరిన్ స్కోర్సెసీ, డైరెక్టర్ గారి సొంత అమ్మ. అందుకే అంత సహజంగా ఉంటుంది.

జో పెషీకి సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది ఈ వేషానికే. స్టేజీ ఎక్కి రెండు ముక్కల్లో థాంక్స్ చెప్పి దిగిపోయాడు, మనిషి అంతే. ఉత్తమ చిత్రం మాత్రం డాన్సెస్ విత్ ఉల్వ్స్ ఎగరేసుకుపోయింది. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ చల్లారలేదు.

హింస హింస అంటారు గానీ, గ్యాంగ్‌స్టర్ సినిమాలో హింస లేకపోతే ఇంకేం ఉంటుంది?

కత్తెరపని:

నేను వీడియో ఎడిటింగ్ చేసి బతికేవాణ్ణి. మీ ప్రశ్న నాకు పని చేసే చోట తగిలింది, కాస్త పొడుగ్గా రాస్తాను.

కథని వరసగా చెప్పి ఉంటే ఏమయ్యేది? బార్‌లో బాట్స్ అనేవాడు టామీని పాత రోజులు ఎత్తిపొడుస్తాడు, బూట్లు పాలిష్ చేసేవాడివని అందరి ముందూ. చావగొడతారు, డిక్కీలో పడేస్తారు, అమ్మ ఇంట్లో తింటారు, కత్తి తీసుకుంటారు, పొడుస్తారు. అప్పుడు కత్తి అడిగినప్పుడు మనకి భయం వేసేది, ఏం చేస్తాడో అని. ఇక్కడ పొడవడం ముందే చూపించేశాడు. కాబట్టి భోజనం దగ్గరికి వచ్చేసరికి భయపడాల్సింది ఏమీ మిగల్లేదు, నవ్వు మాత్రమే మిగిలింది. మీకు నవ్వొచ్చింది మీ తేడా వల్ల కాదండీ. స్కోర్సెసీ, ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ కలిసి మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, నాలుగో మనిషిగా.

‘నేనేం నవ్వొచ్చేలా ఉన్నానా’ అని టామీ హెన్రీని (కారులో మూడోవాడు, సినిమాలో కథ చెప్పేది వాడే) నిలదీసే సీన్ మళ్లీ చూడండి. ముఖాలకి దగ్గరగా వెళ్లడు. మధ్యరకం షాట్లే. ఎందుకంటే చుట్టూ కూర్చున్నవాళ్లు కనబడాలి. ఒక్కొక్కడి నవ్వు ఎలా గడ్డకడుతుందో, హెన్రీ గండం దాటగానే మళ్లీ ఎలా పగులుతుందో చూడండి. అప్పుడు వాళ్ల నవ్వు ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. అది సరదాకి నవ్వే నవ్వు కాదు, ఊపిరి పీల్చుకోవడం.

విడుదలకు ముందు మామూలు ప్రేక్షకులకు వేసి చూపిస్తే చాలామంది మొదట్లోనే లేచి వెళ్లిపోయారట. ఈరోజు అందరూ ‘క్లాసిక్’ అనే సినిమా ఇదే. అలా లేచి వెళ్లిపోయినవాళ్లు తెలివితక్కువవాళ్లని నేను అనుకోను. వాళ్లకి సినిమా సరిగ్గానే చేరింది, చేరింది కాబట్టే వెళ్లిపోయారు.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. చిన్నప్పటి హెన్రీని తండ్రి బెల్టుతో బాదుతుంటాడు. బొమ్మ అక్కడే ఆగిపోతుంది. వెనక హెన్రీ గొంతు తాపీగా, ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలు తప్పవు అన్న ధోరణిలో చెప్పుకుపోతుంది. ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలకి నేను ఇదే చూపిస్తాను. దెబ్బ తెర మీద ఆగింది, మాట ఆగలేదు. సినిమా మొత్తం ఇంతే కదా, ఎంత ఘోరం జరిగినా ఆ గొంతు తడబడదు.

పాతకాపు:

కత్తెరపని గారి పరిశీలన బాగుంది. కానీ నాకు ఈ ‘నవ్వించి మనల్ని ఇరికించాడు’ వాదన మీద నమ్మకం పోయింది.

ఇరవైల్లో నాకూ పిచ్చే. కోపాకబానా క్లబ్బులోకి హెన్రీ, అతని ప్రియురాలు కారెన్ కలిసి వెనక దారిలోంచి, వంటగదిలోంచి నడుచుకుంటూ వెళ్లే ఆ ఒక్క షాటు, కట్ లేకుండా మూడు నిమిషాలు, ఎన్నిసార్లు చూశానో. లోపలికి వెళ్లేసరికి వాళ్ల కోసం ఒక టేబుల్ ఎత్తుకొచ్చి అందరికంటే ముందు వేస్తారు. ఆ టేబుల్ నాకూ కావాలనిపించేది. ఇరుక్కున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు. నా స్నేహితులెవరికీ అనిపించలేదు. సినిమా పూర్తయ్యాక మాకు మిగిలింది ఆ నడక, ఆ కోట్లు, ఆ బూతులు. అంటే పాఠం ఎవరికి చేరినట్టు?

ఈ మధ్య మళ్లీ చూశాను. స్పైడర్ దగ్గర ఆపేశాను. పేకాట దగ్గర మందు అందించే కుర్రాడు. మొదటిసారి టామీ వాడి పాదం మీద కాలుస్తాడు. తర్వాత వాడు కట్టుతో కుంటుకుంటూ వచ్చి మళ్లీ అందిస్తుంటే మళ్లీ ఏడిపిస్తాడు, వాడు ఎదురు మాట అంటాడు. అందరూ నవ్వుతారు, జిమ్మీ అయితే భలే అని వాడికి డబ్బు కూడా ఇస్తాడు. టామీ కాల్చిపారేస్తాడు. ఆ తర్వాత గొడవంతా గొయ్యి ఎవడు తవ్వాలన్న దాని మీద! ఇప్పుడు నా కొడుకు ఇంచుమించు ఆ ఈడువాడే. పక్క గదిలో ఉన్నాడు. టీవీ కట్టేశాను.

ఇదంతా కల్పన అని సర్దుకుందామన్నా కుదరదు. నికొలస్ పిలెగ్గీ 1985లో రాసిన పుస్తకం నుంచి తీశారు. హెన్రీ హిల్ నిజం మనిషి. 1978 డిసెంబర్‌లో న్యూయార్క్ కెనడీ విమానాశ్రయంలో లుఫ్తాన్సా దోపిడీ నిజం, నగదే దాదాపు 50 లక్షల డాలర్లు. పాత హాలీవుడ్‌లో నేరస్తుడికి చివర్లో శిక్ష పడి తీరాలని నియమం ఉండేది. అది చాదస్తమే, ఒప్పుకుంటాను. ఇక్కడ హెన్రీ ఏమయ్యాడు? తోటివాళ్లందర్నీ పోలీసులకి పట్టించి, ప్రభుత్వ రక్షణలో కొత్త ఇంట్లో కూర్చుని, ఇక్కడ తిండి కూడా బాలేదని వాపోతాడు. బాధంతా ఆ టేబుల్ పోయిందనే. చచ్చినవాళ్ల ఊసే లేదు.

ల్యాగ్‌మాస్టర్:

మొదటి గంట సూపర్. తర్వాత ఒక రోజంతా హెలికాప్టర్ వెంటపడటం ఏంటో, మధ్యలో పొయ్యి మీద సాస్ కలపడం ఏంటో, నాకు తలనొప్పి వచ్చింది. 20 నిమిషాలు లేపేయొచ్చు.

కత్తెరపని:

ల్యాగ్‌మాస్టర్ గారూ, కొకైన్ ఎక్కినవాడి తలకాయలోంచి చూపిస్తున్నాడు ఆ రోజుని. మీకు తలనొప్పి వచ్చిందంటే సీన్ పనిచేసినట్టే :)

పాతకాపు గారూ, ‘చచ్చినవాళ్ల ఊసే లేదు’ అన్నారే, అది హెన్రీ మాట్లాడడు. సినిమా మాట్లాడుతుంది. లుఫ్తాన్సా తర్వాత జిమ్మీ ఒక్కొక్కణ్ణీ తీయించేస్తాడు కదా. గులాబీ రంగు కారులో జంట, చెత్త బండిలోంచి దొర్లే శరీరాలు, మాంసం లారీలో గడ్డకట్టి వేలాడేవాడు. వెనక ‘లైలా’ పాటలో పియానో భాగం. దాన్ని చూసి ఎవరికైనా టేబుల్ కావాలనిపిస్తుందా?

పాతకాపు:

అనిపించిందండీ. ఆ పియానో నా ఫోన్ రింగ్‌టోన్‌గా ఉండేది కొన్నాళ్లు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నీలిగాజు:

ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. కారెన్‌తో ఎదురింటివాడు తప్పుగా ప్రవర్తిస్తే హెన్రీ వెళ్లి తుపాకీ పిడితో వాడి ముఖం పచ్చడి చేసి, ఆ రక్తం తుపాకీని ఆమె చేతిలో పెడతాడు, దాచమని. చాలామంది ఆడవాళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోతారని తనకీ తెలుసు అంటుంది. కానీ నిజం చెప్పాలంటే తనకి ఒళ్లు వేడెక్కిందంటుంది. నాకు సినిమాలో అందరికంటే నిజాయితీగా మాట్లాడిన మనిషి ఆవిడే. కిటికీసీటు గారూ, మీ నవ్వూ అదే కోవలోది. తప్పా ఒప్పా పక్కనపెట్టి, వచ్చిందని చెప్పారు, అది చాలు.

కిటికీసీటు:

అందరికీ థాంక్స్. నీలిగాజు గారూ, మీరన్నది రెండుసార్లు చదువుకున్నాను.

నిన్న రాత్రి మళ్లీ పెట్టాను, ఆ అమ్మ కనిపించే చోట్లు మాత్రమే. పెద్దగా లేవు. చివర్లో టామీని గ్యాంగులో పూర్తిస్థాయి సభ్యుణ్ణి చేస్తామని పిలుస్తారు కదా. మంచి బట్టలేసుకుని, అమ్మకి చెప్పి బయల్దేరతాడు. ఆవిడ మురిసిపోతూ పంపిస్తుంది. ఒక ఖాళీ గదిలోకి అడుగుపెడతాడు. విషయం అర్థమయ్యేలోపే తల వెనకనుంచి కాల్చేస్తారు. మొత్తం రెండు సెకన్లు కూడా లేదు. ఇన్ని హత్యలు చేసినవాడికి సినిమా ఇచ్చిన టైమ్ అంతే. తర్వాత హెన్రీ గొంతు, మామూలుగా, అదే తాపీగా: ముఖం మీదుగా కాల్చారు, వాళ్లమ్మ శవపేటిక మూత తెరిచి చూసుకునే వీలు కూడా లేకుండా.

పాతకాపు గారూ, మీరు చెప్పిన ఊసు నాకు అక్కడ వినబడింది. మీకు వినబడకపోతే నేను వాదించను, మీ ఇంట్లో పక్క గదిలో ఉన్నది మీ అబ్బాయి.

పొద్దున మా మరిదిని అడిగాను. ఈ సినిమా ఎన్నిసార్లు చూశాడో వాడికే లెక్కలేదు. ఇంతకీ ఆ కత్తి వాళ్లమ్మకి తిరిగిచ్చాడా అని.

“ఏ కత్తి వదినా?” అన్నాడు.