టాంజానియా బడిలో లెక్కలు చెప్పబోతున్నాను: అనుభవజ్ఞులు చెప్పగలరు

ప్రశ్న:
నేను డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థినిని. జూలైలో అరూషా దగ్గరి ఒక ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలకు స్వచ్ఛందంగా బోధించడానికి వెళ్తున్నాను. అక్కడి తరగతి గది, రోజువారీ జీవితం ఎలా ఉంటాయో దయచేసి తెలుపగలరు.

జవాబు 1:
అమ్మా, ముందు భాష సంగతి చెబుతాను. అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో స్వాహిలీలో సాగిన చదువు మాధ్యమిక స్థాయిలో ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారుతుంది కాబట్టి, లెక్క వచ్చిన పిల్లలు కూడా ప్రశ్న అర్థంకాక మౌనంగా ఉండిపోతారు. నా తరగతిలో ఒక అబ్బాయి భాగహారం సరిగ్గానే చేసి, తప్పేమోనన్న భయంతో నోట్‌బుక్కును అరచేత్తో కప్పుకున్నాడు. నేను "గవాన్యా" (భాగించు) అని స్వాహిలీలో అన్నాకే చెయ్యి తీశాడు. కనీసం లెక్కల పదాలైనా నేర్చుకుని వెళ్లండి, ఇది చాలా ముఖ్యం.

జవాబు 2:
స్వాహిలీ లెక్కలో గంటలు సూర్యోదయం నుంచి మొదలవుతాయి. ఉదయం ఏడింటిని ఒంటిగంట అంటారు. "రెండు గంటలకు రండి" అంటే మధ్యాహ్నం వెళ్లి, ఉదయం 8 గంటల సమావేశానికి నేను అందుకోలేకపోయాను. పెద్దవారికి "షికమో" అని నమస్కరిస్తే "మరహబా" అని ఆప్యాయంగా బదులిస్తారు. మొక్కజొన్న పిండితో చేసే ఉగాలి మన సంకటిలాగే ఉంటుంది, చేత్తోనే తింటారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. చలి ఉంటుందా?

జవాబు 2:
ఉంటుందమ్మా, అరూషా ఎత్తైన ప్రాంతం. స్వెట్టర్ తప్పక పెట్టుకోండి.