ఉద్దానం కిడ్నీ రోగులకి తిండి జాగ్రత్తలు: ఎలా చెప్తే వింటారు?

కొత్త డైటీషియన్:
శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు కిడ్నీ రోగులకి పథ్యం చెప్పే పని నాది. ఆఫీసు ఇచ్చిన కాగితంలో ఓట్స్, బ్రెడ్, ఆపిల్ ఉన్నాయి. చేతిలో పెడితే "అలాగేనమ్మా" అంటారు. మళ్లీ వచ్చేసరికి బీపీ తగ్గదు, కాళ్ల వాపూ తగ్గదు. ఇక్కడి తిండికి తగ్గట్టు ఏం అడగాలి?

వార్డు సిస్టర్:
ఆ కాగితం పక్కన పెట్టండి. "ఉప్పు ఎక్కువ తింటారా" అంటే ఎవరైనా లేదనే చెప్తారు. "కిలో ప్యాకెట్టు ఎన్నాళ్లొస్తాది, ఎందరు తింతారు" అనడగండి. అయిదుగురికి నెల వస్తే మనిషికి రోజుకి 6.7 గ్రాములు. 5 గ్రాముల లోపు ఉండాలంటే ఆ ఇంటికి నెలకి ముప్పావు కిలో దాటకూడదు. ఎండుచేప, ఊరగాయకి వేరేగా కొన్న కల్లుప్పు ఈ లెక్కలో పడవు, విడిగా అడగాలి.

రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ పెరగనివాళ్లని చోడి (రాగి) అంబలి మానమనకండి, ఎలాగూ మానరు. కాచేటప్పుడు ఉప్పు వెయ్యొద్దనండి. నంజుకోడానికి ఎండుచేప బదులు ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ చాలు. ఈ మాటలు ఆస్పత్రికొచ్చిన పెద్దాయనకి చెప్తే పొయ్యి దాకా చేరవు. వండే కోడలినో భార్యనో పిలిపించండి.

డయాలసిస్ టెక్నీషియన్:
మా దగ్గర "నీళ్లు తగ్గించండి" అంటే నీళ్లే తగ్గిస్తారు. అంబలి, తరవాణి, మజ్జిగ, చారు, టీ లెక్కలోకి రావు. మామూలుగా ముందురోజు మూత్రం ఎంతో దానికి 500 మి.లీ. కలిపి కొలత చెప్తాం. అంత నీళ్లు సీసాలో పోసుకుని, ఏది తాగినా అంత నీళ్లు అందులోంచి ఒంపెయ్యమనండి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి అంతే.

కొబ్బరితోటల ఊళ్లు కదా, చుట్టమొస్తే ముందు బొండమే కొడతారు. 100 మి.లీ. బొండం నీళ్లలో సుమారు 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది. కిడ్నీ దాన్ని బయటికి పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. ఈ కారణం చెప్పకుండా వద్దంటే, చలవ చేసేదాన్ని వద్దంటారేటని నవ్వుతారు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులోనూ పొటాషియమే ఉంటుంది, అదీ వద్దు.

ఫార్మసిస్టు:
"మా నీళ్ల వల్ల వచ్చిన జబ్బుకి మా కూడునంటారేటి" అన్న కోపం చాలామందిలో ఉంది. ఉద్దానంలో కారణం ఇంకా తేలలేదు, షుగరు, బీపీ లేనివాళ్లకీ వస్తోంది. ఉప్పు తిన్నందుకే వచ్చిందన్న ధ్వని రానివ్వకండి, కిడ్నీలో మిగిలిన శక్తిని కాపాడుకోడానికని చెప్పండి.

కిడ్నీకి చేటు చేసే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ పేరు ఎవరికీ గుర్తుండదు. "పొలం నుంచొచ్చాక ఒళ్లు నొప్పులకి ఏం వేసుకుంతారు" అనడిగి, మాత్రల రేకు తెమ్మనండి. నాటు మందు సంగతి విని కసురుకుంటే ఇక జన్మలో చెప్పరు.

కొత్త డైటీషియన్:
ఇచ్ఛాపురం వైపు ఒడియా మాట్లాడేవాళ్లు మనవళ్లని తెస్తున్నారు, వాళ్లతో చెప్పించొచ్చా?

వార్డు సిస్టర్:
చిన్నపిల్లలు వద్దు. మూత్రం గురించి తాత మనవడి ముందు నోరు విప్పడు. ఒడియా వచ్చిన ఆశా కార్యకర్తనో సిబ్బందినో పిలవండి. చివర్లో "ఇంటికెళ్లి ఏం చేస్తారు" అని రోగి నోటే చెప్పించండి.