కవలలకు బిడ్డ లెక్కన ఇచ్చే సాయం చాలదా? అదనంగా ఇవ్వడానికి ఆధారం ఏమిటి?

ప్రశ్న

పిల్లల పెంపకానికి ప్రభుత్వం భత్యం ఇచ్చే దేశాల్లో సాధారణంగా బిడ్డకు ఇంత అని లెక్కగట్టి ఇస్తారు. ఆ లెక్కన కవలలు పుట్టిన ఇంటికి రెండు భత్యాలు, ఒకే కాన్పులో ముగ్గురు పుట్టిన ఇంటికి మూడు భత్యాలు ఎలాగూ అందుతాయి. అయినా కొన్ని దేశాలు అంతటితో ఆగకుండా ఇలాంటి కుటుంబాలకు మరికొంత కలిపి ఇస్తున్నాయని చదివాను. రెండు మూడేళ్ల ఎడంతో ఇద్దరు పిల్లలున్న తల్లిదండ్రులకు లేని ఏ భారం కవలల తల్లిదండ్రుల మీద ఉందని ఆ ప్రభుత్వాలు భావించాయి? అదనపు సాయం నెలవారీ డబ్బుగా ఉండటం మేలా, పుట్టినప్పుడు ఒక్కసారి ఇవ్వడం మేలా, లేక సెలవు రూపంలో ఉండటం మేలా? మా కుటుంబంలో త్వరలో కవలలు పుట్టబోతున్నారు. అయితే నేను అడుగుతున్నది దరఖాస్తు విధానం గురించి కాదు. ఈ నిబంధనల వెనుక ఉన్న ఆలోచనను తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

మొదటి జవాబు

రెండో బిడ్డ ఖర్చు మొదటి బిడ్డ ఖర్చు కంటే తక్కువగా ఉంటుందన్న ఊహ చాలా భత్యాల లెక్కలో దాగి ఉంటుంది. ఊయల, బట్టలు, తోపుడుబండి, పుస్తకాలు పెద్దబిడ్డ నుంచి చిన్నబిడ్డకు వస్తాయి కాబట్టి ఆ ఊహ సాధారణంగా సరైనదే. కవలల విషయంలో మాత్రం ఒకరు వాడి విడిచినది మరొకరికి అందే అవకాశమే లేదు, ఎందుకంటే ఇద్దరికీ అన్నీ ఒకే రోజున కావాలి.

ఈ ఊహ ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూడాలంటే బ్రిటన్‌లోని చైల్డ్ బెనిఫిట్‌ను గమనించండి. 2025-26 ఆర్థిక సంవత్సరంలో అక్కడ పెద్దబిడ్డకు వారానికి 26.05 పౌండ్లు, తర్వాతి ప్రతి బిడ్డకూ 17.25 పౌండ్లు చొప్పున నిర్ణయించారు. తొలి కాన్పులో కవలలు పుడితే కొన్ని నిమిషాలు ముందు పుట్టిన బిడ్డకు ఎక్కువ రేటు, వెనుక పుట్టిన బిడ్డకు తక్కువ రేటు వర్తిస్తాయి. చట్టం దృష్టిలో ఆ కొన్ని నిమిషాల తేడాయే అన్నదమ్ముల వరుసను నిర్ణయిస్తుంది.

ఐర్లండ్ దీనికి సరిగ్గా ఎదురు దారి పట్టింది. అక్కడ బిడ్డకు నెలకు 140 యూరోలు మామూలు రేటు. కవలలైతే ఒక్కొక్కరికి దానికి ఒకటిన్నర రెట్లు, ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒకేసారి పుడితే ఒక్కొక్కరికి రెండింతలు ఇస్తారు. అంటే కవలల ఇంటికి నెలకు 280 కాకుండా 420 యూరోలు, ముగ్గురున్న ఇంటికి 420 కాకుండా 840 యూరోలు చేరతాయి. దీనికి తోడు పుట్టినప్పుడు, నాలుగో ఏట, పన్నెండో ఏట 635 యూరోల చొప్పున విడిగా ఒక గ్రాంటు కూడా ఉంది. ఆ దేశంలో పిల్లలు బడిలో చేరే వయసు, పై పాఠశాలకు మారే వయసు దాదాపుగా అవే కావడం గమనించదగినది. ఏకరూప దుస్తులు, పుస్తకాల ఖర్చు రెండు మూడు జతలుగా ఒకేసారి మీద పడే సమయాలను ఎంచుకుని ఇచ్చినట్టు ఉంటుంది కాబట్టి, నేను చూసిన ఏర్పాట్లలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. మీ రెండో ప్రశ్నకు నా సమాధానం కూడా ఇందులోనే ఉంది: నెలవారీ సాయానికీ ఒక్కసారి ఇచ్చే సాయానికీ పోటీ పెట్టనవసరం లేదు.

రెండో జవాబు

అదనపు సాయం ఇవ్వాలని ఒప్పుకున్నాక కూడా గీత ఎక్కడ గీయాలన్న చిక్కు మిగిలే ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఒకే కాన్పులో పుట్టిన పిల్లల కోసం ప్రత్యేక భత్యం ఉన్నా అది ముగ్గురి నుంచే మొదలవుతుంది, కవలలకు రాదు. జర్మనీలో ఎల్టర్‌గెల్డ్ అనే తల్లిదండ్రుల భత్యం కాన్పును బట్టి ఒక్కటే లెక్క, కానీ మొదటి బిడ్డను మించి పుట్టిన ప్రతి బిడ్డకూ నెలకు 300 యూరోలు కలుపుతారు. ఆ భత్యంలో ఎక్కువ భాగం ఆగిపోయిన జీతానికి బదులుగా ఇచ్చేది కాబట్టి, ఇద్దరు పుట్టినా ఆగే జీతం ఒక్కటే అన్నది అక్కడి తర్కం. తర్కం బాగానే ఉంది గాని, కవలలను చూసుకోవడానికి తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు దూరం కావలసి వచ్చే ఇళ్లలో అది అంత సరిగ్గా అతకదు.

మూడో జవాబు

పై ఇద్దరూ డబ్బు గురించి రాశారు గాని, తొలి ఏడాదిలో కవలల ఇంట్లో డబ్బు కంటే ముందు కరువయ్యేది మనిషి సాయం. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకముందే పుడతారు. ముగ్గురైతే గర్భం ఇంకా తక్కువ కాలం నిలుస్తుంది. నెలలు నిండని పిల్లలను ఆసుపత్రిలో ఉంచవలసి వచ్చినప్పుడు ప్రసూతి సెలవులో కొంత భాగం పిల్లలు ఇల్లు చేరకముందే కరిగిపోతుంది. ఒకరిని ముందు ఇంటికి పంపి మరొకరిని అక్కడే ఉంచితే ఆ తల్లిదండ్రులు రెండు చోట్లా ఎలా ఉండగలరో ఆలోచించండి.

అందుకే ఫ్రాన్స్‌లో మామూలుగా 16 వారాలున్న ప్రసూతి సెలవు కవలలకు 34 వారాలకు, ముగ్గురికి 46 వారాలకు పెరుగుతుంది. కవలలకూ ముగ్గురికీ కాన్పు తర్వాతి వాటా ఒకటే, 22 వారాలు. పెరిగేది కాన్పుకు ముందు వాటా, అది 12 నుంచి 24 వారాలకు పోతుంది. గర్భం మోసే కాలంలోని ప్రమాదాన్నే ముఖ్యంగా లెక్కలోకి తీసుకున్నారని దీన్నిబట్టి తెలుస్తుంది. జర్మనీలో కాన్పు తర్వాతి రక్షిత సెలవు 8 వారాలు కాగా, కవలలు పుట్టినా నెలలు నిండకుండా పుట్టినా అది 12 వారాలవుతుంది. స్వీడన్‌లో బిడ్డకు 480 రోజుల తల్లిదండ్రుల సెలవు ఉంటే, ఒకే కాన్పులో పుట్టిన ప్రతి అదనపు బిడ్డకూ మరో 180 రోజులు చేరుస్తారు. భారతదేశంలో చట్టబద్ధమైన 26 వారాల సెలవు ఒకరు పుట్టినా ముగ్గురు పుట్టినా మారదు. నా అభిప్రాయంలో వేతనంతో కూడిన సెలవును పెంచడమే అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం మిగిలింది. కొన్ని పథకాలు ఇద్దరు పిల్లల వరకే అని పరిమితి పెడతాయి కదా. ఒక బిడ్డ ఉన్న ఇంట్లో రెండో కాన్పుకు కవలలు పుడితే మూడో బిడ్డను లెక్కలోంచి తీసివేస్తారా?

నాలుగో జవాబు

చాలాచోట్ల తీసివేయరు, కానీ కవలలు ఏ కాన్పులో పుట్టారన్నది చాలా ముఖ్యం. బ్రిటన్‌లో 2017 ఏప్రిల్‌లో ఆదాయ సహాయ భత్యాలకు ఇద్దరు పిల్లల పరిమితి ప్రవేశపెట్టినప్పుడు, ఒకే కాన్పులో మొదటి బిడ్డను మించి పుట్టినవారికి మినహాయింపు ఇచ్చారు. అందువల్ల ఒక బిడ్డ తర్వాత కవలలు పుడితే ముగ్గురూ లెక్కలోకి వచ్చేవారు. మొదట కవలలు పుట్టి తర్వాత ఒక బిడ్డ పుడితే మాత్రం ఆ మూడో బిడ్డకు భత్యం ఉండేది కాదు. భారతదేశంలో ఆడపిల్లల కోసం ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాల నిబంధనలూ ఇదే తీరులో నడుస్తాయి. కుటుంబానికి రెండు ఖాతాలే అన్న పరిమితిని రెండో కాన్పులో కవల ఆడపిల్లలు పుట్టినా, తొలి కాన్పులోనే ముగ్గురు ఆడపిల్లలు పుట్టినా సడలిస్తారు. తొలి కాన్పులో ఇద్దరు ఆడపిల్లలు పుట్టి, మలి కాన్పులో మరో ఆడపిల్ల పుడితే ఆమెకు సడలింపు లేదు. ఈ రెండు దేశాల నిబంధనలు రాసినవారు ఒకరినొకరు సంప్రదించి ఉండరు, అయినా ఇద్దరి మనసులో ఉన్నది ఒకటే: కవలలు తల్లిదండ్రులు కోరి తెచ్చుకున్నవారు కారు, ఆ తర్వాతి కాన్పు మాత్రం వారి నిర్ణయం.

వినడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. కానీ ఇదే కొలమానాన్ని ప్రసూతి సెలవుకు వర్తింపజేసినప్పుడు నాకు అది అంగీకారయోగ్యంగా తోచదు. భారతదేశంలో ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో వచ్చిన నిబంధన ప్రకారం ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలు జీవించి ఉన్న తల్లికి 26 వారాలకు బదులు 12 వారాల సెలవే లభిస్తుంది. తొలి కాన్పులో కవలలను కన్న స్త్రీ జీవితంలో రెండోసారి గర్భం దాల్చినప్పటికీ, చట్టం పిల్లలను లెక్కిస్తుంది గాని కాన్పులను లెక్కించదు కాబట్టి ఆమెకు 12 వారాలే దక్కుతాయి. భత్యం బిడ్డ కోసం ఇచ్చేది, కనుక బిడ్డలను లెక్కించడం సబబు. సెలవులో ఒక భాగం కాన్పు నుంచి తల్లి శరీరం కోలుకోవడానికి ఇచ్చేది, దానికి కాన్పులనే లెక్కించాలి.

ఐదో జవాబు

నాలుగో జవాబుతో ఏకీభవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చేరుస్తున్నాను. ఐర్లండ్ పద్ధతిలో అదనపు డబ్బు ఆదాయంతో నిమిత్తం లేకుండా అందరికీ వెళుతుంది, కాబట్టి ఖజానా నిండుగా లేని దేశాలు దాన్ని అలాగే అనుకరించలేవు. అలాంటిచోట తక్కువ ఆదాయం ఉన్న కవలల కుటుంబాలకు, ఒంటరిగా పెంచుతున్న తల్లికి లేదా తండ్రికి ముందుగా ఇచ్చి, మిగతావారికి సెలవును పొడిగించడం ఆచరణలో సాధ్యమవుతుంది. సెలవు పొడిగింపుకు అయ్యే ఖర్చును మాత్రం యజమాని మీద మోపకుండా ప్రభుత్వ నిధి నుంచో సామాజిక బీమా నుంచో చెల్లించాలి. లేకపోతే గర్భిణులను ఉద్యోగంలోకి తీసుకోవడానికే యజమానులు వెనుకాడతారు, కవలలని తెలిస్తే మరింతగా వెనుకాడతారు.