గోర్జికి (పొలాల మధ్య దారికి) కంచె వేశారు: పొలానికి వెళ్ళే హక్కు మాకు ఉన్నట్టా, లేనట్టా?

రాజాం దగ్గరి రైతు:

అందరికీ నమస్కారం. మా రెండెకరాల వరిపొలం ఊరి గెడ్డకు (వాగుకు) అవతల ఉంది. చెరువు గట్టు దిగిన తరువాత ఇద్దరు రైతుల జిరాయితీ (సొంత పట్టా భూమి) మధ్యగా సాగే గోర్జి తప్ప అక్కడికి వేరే దారి లేదు. మా తాతగారి కాలం నుంచి ఎడ్లబళ్ళు, ఈమధ్య ట్రాక్టర్లు అందులోనే నడుస్తున్నాయి. శ్మశానానికి వెళ్ళేవారు కూడా సగం దూరం ఆ దారినే పోతారు. నిరుడు అందులో ఒక పక్క భూమిని పట్నంలో ఉండే ఒకాయన కొన్నారు. ఈ వేసవిలో రాతి స్తంభాలు పాతించి, ముళ్ళతీగ లాగించి, గోర్జిని తన భూమిలో కలిపేసుకున్నారు. అడిగితే పాసు పుస్తకం చూపించి, విస్తీర్ణమంతా తన పేరనే ఉందంటున్నారు. ఉభాలు (వరి నాట్లు) దగ్గరపడుతున్నాయి. ఊళ్ళో కుర్రవాళ్ళు కంచె పీకేద్దామంటున్నారు గాని, నాకది సమ్మతం కాదు. చట్టప్రకారం ముందుగా ఏం చేయాలో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సర్వే పని తెలిసినవాడిని:

కంచె పీకవద్దన్న మీ నిర్ణయం సరైనది. అలా చేస్తే దారి తగాదా కాస్తా ఆస్తి ధ్వంసం కేసుగా మారి, న్యాయం మీ పక్షాన ఉన్నా ముద్దాయిలుగా నిలబడవలసి వస్తుంది.

ముందు తేలవలసింది ఒక్కటే: రికార్డులో ఆ గోర్జి పోరంబోకా (ప్రభుత్వ భూమా), జిరాయితీలో భాగమా? పాసు పుస్తకం చూసి దీన్ని తేల్చలేము. గ్రామ పటమూ, ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలూ తీసుకోండి. దారికి విడిగా నంబరో సబ్‌డివిజనో ఉండి, రిజిస్టరులో బండిదారి అనో రస్తా అనో రాసి ఉంటే అది ప్రభుత్వ భూమి. దాన్ని అమ్మే హక్కు అమ్మినవారికే లేదు కనుక కొన్నవారికి రాదు. అలాకాక పొలం హద్దుల లోపల రెండు చుక్కల గీతలుగా మాత్రమే గీసి ఉంటే, నేల పట్టాదారుదే. మీకు ఉండగలిగేది నడిచే హక్కు మాత్రమే. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. వంద లింకులు 66 అడుగులు. కాబట్టి దారి వెడల్పు 20 లింకులని ఉంటే 13 అడుగులకు కాస్త పైన అన్నమాట.

మీ ప్రాంతంలో మరొకటి గమనించాలి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం కింద జమీందారీ గ్రామాల్లోని పోరంబోకులు, సామూహిక భూములు ప్రభుత్వపరమయ్యాయి. మీది అలాంటి ఎస్టేటు గ్రామమైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (అప్పటి గ్రామ భూముల రిజిస్టరు) చూడటం తప్పనిసరి. రాజాం 2022 ఏప్రిల్ 4 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది కనుక, పాత కాగితాలు విజయనగరంలో దొరకకపోతే శ్రీకాకుళంలోనూ అడగండి. రీసర్వే జరిగి ఎల్‌పీఎం (కొత్త భూ కమత పటం) నంబర్లు వచ్చి ఉంటే, కొత్త పటంలో దారి మిగిలిందో లేదో పాత పటం పక్కన పెట్టి పోల్చండి.

పోరంబోకని తేలితే తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద నోటీసు ఇచ్చి ఖాళీ చేయించే అధికారం ఉంది. పంచాయతీ చేత కూడా రాయించండి. శ్మశానం దారి ఊరందరి విషయం.

సివిల్ న్యాయవాది, విజయనగరం:

పై సమాధానానికి కొనసాగింపుగా, నేల జిరాయితీ అని తేలితే ఏమిటన్నది చెబుతాను. 1882 నాటి ఈజ్‌మెంట్ల (పరుల భూమిపై వాడుక హక్కుల) చట్టం ప్రకారం, ఇతరుల భూమిలోని దారిని బహిరంగంగా, శాంతియుతంగా, హక్కుగా, ఎడతెగకుండా 20 ఏళ్ళు వాడితే ఆ హక్కు స్థిరపడుతుంది. అయితే అడ్డగింత జరిగి ఊరుకుంటే ఈ ఆధారం చేజారుతుంది: ఆ అనుభవం దావా వేసే తేదీకి ముందు రెండేళ్ళ లోపు వరకు సాగి ఉండాలి. పెద్దమనుషుల మధ్య మాటలతో చాలామంది ఆ గడువు పోగొట్టుకోవడం చూస్తూనే ఉన్నాను.

‘హక్కుగా’ అన్నచోటే కేసులు ఓడిపోతాయి. మీ తాతగారు ప్రతి ఏడూ పక్క రైతును అడిగి, ఆయన సరేనన్నాకే బండి తోలేవారని సాక్షి చెబితే, అది అనుమతి అవుతుంది గాని హక్కు కాదు. రెండు పొలాలూ ఒకప్పుడు ఒకే కుటుంబానివై, పంపకంలోనో అమ్మకంలోనో విడిపోయి ఉంటే, 20 ఏళ్ళతో పని లేకుండా అవసరాన్ని బట్టి కలిగే దారి హక్కు వేరే ఉంది. అందుచేత మీ దస్తావేజుతో పాటు, ఆయనకు అమ్మినవారి పాత దస్తావేజుల నకళ్ళు కూడా సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి తెప్పించండి. చతుస్సరిహద్దుల్లో ఎక్కడైనా ‘బండిదారి’ అని ఉంటే అంతకంటె బలమైన సాక్ష్యం అరుదు.

ఉభాల లోపు ఊరట కావాలంటే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (క్రిమినల్ ప్రక్రియ చట్టం) లోని 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. శాంతిభద్రతలకు భంగం కలిగించేటంత తగాదా ఉండాలి. ఏడాది పొడవునా వాడే దారి అయితే గత మూడు నెలల్లో, సీజనులో మాత్రమే వాడేదైతే కిందటి సీజనులో మీరు దాన్ని వాడి ఉండాలి. నిరుడు కోత యంత్రానికి కట్టిన అద్దె రసీదు, ధాన్యం అమ్మిన కాగితం భద్రపరచుకోండి.

నెల్లిమర్ల నుంచి:

కొనుక్కున్నవారి తరఫు మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలని రాస్తున్నాను. డబ్బు పెట్టి కొన్న భూమిలో రేపు ఎవరెవరు నడుస్తారో తెలియకపోవడం చిన్న కష్టం కాదు. మా జీడి తోట మధ్య కాలిబాట ఉన్నందువల్ల నాకది బాగా తెలుసు. చట్టంలోనే, ఒక రకమైన దారి హక్కులో మరో రకం ఇమడదని ఉంది. బండి నడిచిన చోట కోత యంత్రం నడుపుతామంటే ఆయన అభ్యంతరం పూర్తిగా అన్యాయం కాదు. అయినా బండి నడిచినంత మేర మూసివేయడం మాత్రం తగదు. పొలం అంచున ఇంత వెడల్పున దారి వదిలేటట్టు, దానికి మీ ఇద్దరి మధ్య రిజిస్టరు ఒప్పందం రాసుకునేటట్టు ఒకసారి ప్రయత్నించండి. నోటిమాట మాత్రం వద్దు. ఆయన రేపు అమ్మేస్తే ఆ మాట కొత్తవారికి పట్టదు.

రాజాం దగ్గరి రైతు:

అందరికీ కృతజ్ఞతలు. ఆయనకు అమ్మినవారి పాత దస్తావేజు నకలు ఈరోజు చూశాను. దక్షిణపు హద్దు ‘ఊరుమ్మడి బండిదారి’ అని స్పష్టంగా ఉంది. ఎఫ్‌ఎంబీ నకలుకు దరఖాస్తు పెట్టాను. అది పోరంబోకని తేలితే, నా పొలానికి విడిగా సివిల్ దావా అవసరమా?

సివిల్ న్యాయవాది, విజయనగరం:

ఆ హద్దు మీకు చాలా మేలు చేస్తుంది. పోరంబోకని తేలితే మొదట తహసీల్దారు వద్ద అర్జీ చాలు. దానికి ఆ దస్తావేజు నకలు జతచేసి, అందినట్టు రసీదు తీసుకోండి. అక్కడ ఆలస్యమైతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ రసీదు చూపించండి. అయినా కంచె వేసిన తేదీ రాసి పెట్టుకుని, రెండేళ్ళ గడువు దాటకముందే దావా సంగతి మీ న్యాయవాదితో మాట్లాడండి. అర్జీ పెండింగులో ఉన్నంత మాత్రాన ఆ గడువు ఆగదు.